పడవ నడుపుతానన్నవాడికి పాయింట్లెన్ని?

ప్రతి ఆదివారం సాయంత్రం బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 పక్క సందులో ఉన్న మా మేనల్లుడి ఫ్లాట్‌కి వెళ్తానని, రాత్రి తొమ్మిదిన్నర దాకా అందరం బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తామని చెబితే మా పక్కింటాయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. లిఫ్టులో గొంతు తగ్గించి "ఈ వారం ఎంత పోయిందండీ?" అని అడిగాడు. డబ్బులు పెట్టే ఆట కాదు మహాప్రభో, కలిసి కథ చెప్పుకునే ఆట అన్నాను. ఆయన మొహంలో జాలి ఇంకాస్త పెరిగింది.

ఆయనకి చెప్పలేకపోయింది మీకు చెబుతా. ఈ తరహా ఆటలకి తాత 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మూడు పల్చటి పుస్తకాలుగా తెచ్చారు. బోర్డు ఉండి తీరాలని లేదు. కాగితం, పెన్సిలు, రకరకాల ముఖాలున్న పాచికలు ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "అడవి దాటి గుహ ముందుకొచ్చారు. లోపల ఎవరో గురక పెడుతున్నారు. ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడుగుతాడు. ఒకడు కత్తి దూస్తానంటాడు. ఒకామె రాయి విసిరి చూస్తానంటుంది. ఇంకొకడు ఆకలేస్తోంది, ముందు వంట చేసుకుందాం అంటాడు. తలపెట్టిన పని అవుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు.

ఇలా వారాల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి ఒకే కథ సాగుతుంది. దాన్ని క్యాంపెయిన్ అంటారు. సాగుతున్నకొద్దీ పాత్రలకి అనుభవం పాయింట్లు చేరతాయి, ఒక లెవెల్ నుంచి పై లెవెల్‌కి ఎదుగుతాయి. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ లెక్కలో ఒకటో లెవెల్ నుంచి రెండుకి 300 పాయింట్లు చాలు. ఇరవయ్యో లెవెల్ చేరాలంటే మొత్తం 3,55,000 కావాలి. ఉద్యోగాల్లోనూ అంతే కదా, మొదటి ప్రమోషన్ తొందరగానే వస్తుంది.

నన్ను గేమ్ మాస్టర్‌ని చేసింది మా మేనల్లుడే. "మామయ్యా, నువ్వు సినిమాలకి మాటలు రాస్తావు, కథా చర్చల్లో కూర్చుంటావు, నీకిది వెన్నతో పెట్టిన విద్య" అన్నాడు. పొంగిపోయాను. సినిమావాణ్ణి కావడమే అసలు ఇబ్బందని అప్పుడు తెలీదు.

నెల రోజులు కూర్చుని అరవై పేజీలు రాశాను. డ్రాగన్లు మనకెందుకని జానపద రాజ్యం పెట్టుకున్నా. కొండ మీద మాంత్రికుడు, వాడి ప్రాణం ఎక్కడో దాచిన చిలక, ఎత్తుకుపోయిన రాకుమారి. స్నేహితుడి ద్రోహం ఎక్కడ బయటపడాలో, ఇంటర్వెల్ ఎక్కడ పడాలో అన్నీ ముందే ఖాయం. కె.వి.రెడ్డి గారి 'పాతాళభైరవి' (1951) నాకు ఆదర్శం. ఆ సినిమాని ఈ ఆట కళ్ళతో ఒకసారి చూడండి. తోటరాముడు తోటమాలి కొడుకు, అంటే ఒకటో లెవెల్. అక్కణ్ణించి మాంత్రికుణ్ణి ఎదిరించేదాకా ఒక్కో మెట్టూ మన కళ్ళ ముందే ఎక్కుతాడు. ఇప్పటి మన హీరో ఇంట్రడక్షన్ ఫైట్‌లోనే ఇరవయ్యో లెవెల్లో దిగుతాడు. ఆయన కొత్తగా ఎదిగేదేం ఉండదు, ఆ సంగతి విలన్‌కి ఆలస్యంగా తెలియడమే కథ. అలాంటి డైలాగులు రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నా.

మా బల్ల దగ్గర ఆడేవాళ్ళు నలుగురు. మా మేనల్లుడు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆటలో ఖడ్గవీరుడు. వాడి భార్య వైద్యురాలి పాత్ర తీసుకుంది, అసలు ఉద్యోగం బ్యాంకులో. ఎడిటింగ్ రూమ్‌లో పనిచేసే ఒకమ్మాయి, ఆటలో దొంగ. నాలుగోవాడు కృష్ణానగర్ నుంచి వచ్చే కుర్రాడు. కుర్రాడంటున్నా గానీ ముప్ఫై అయిదు దాటాయి. కోనసీమ నుంచి వచ్చి పదకొండేళ్ళుగా అసిస్టెంట్ డైరెక్టర్‌గానే ఉన్నాడు. అసోసియేట్, ఆపైన కో-డైరెక్టర్, ఆపైన డైరెక్టర్, ఆ మెట్లు అతనికి కంఠతా వచ్చు. ఎక్కడం ఒకటే మిగిలింది. ఆటలో విలుకాడి పాత్ర రాసుకున్నాడు.

మొదటి రోజునే అందరికీ చెప్పాను. "ఇది సినిమా కాదు. మీ ఇష్టం. ఎక్కడికైనా వెళ్ళండి, ఏమైనా చేయండి."

నాలుగో ఆదివారం వాళ్ళు ఒక నది దాటాలి. నా పేజీల్లో అది ఒక్క లైను. 'రేవు దగ్గర పడవ ఎక్కి అవతలి ఒడ్డుకి చేరతారు.' ఊరికే రంగు కోసం, రేవులో సరంగు ముసలివాడనీ, దగ్గుతున్నాడనీ, రేవు పాట పాడుకున్న కామందు డబ్బుల కోసం పీడిస్తున్నాడనీ చెప్పాను. దాటేలోపు ముసలాయన పాచిక బాగోలేక, అంటే నేనే సరదాకి వేశాను, పడవలోనే ప్రాణం వదిలాడు. విలుకాడు గెడ అందుకుని పడవని ఒడ్డుకి చేర్చాడు. మిగతా ముగ్గురూ దిగారు. అతను దిగలేదు.

"గురువుగారూ, నేనిక్కడే ఉండిపోతానండి. పడవ నడుపుతాను" అన్నాడు.

నవ్వాం. అతను నవ్వలేదు. నదికి ఆ ఒడ్డున ఎన్ని ఇళ్ళు, నీళ్ళు ఏ నెలలో పెరుగుతాయి, కామందుకి ఇవ్వాల్సింది ఎంత అని అడగడం మొదలుపెట్టాడు. నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. ఆ వారం, మళ్ళీ వారం అదే వరస. ఒక పెళ్ళి బృందాన్ని వానలో దాటించాడు. పారిపోతున్న ఒక పిల్లని డబ్బు తీసుకోకుండా దాటించి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి చూడలేదని చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ రెండు ఆదివారాల్లో బల్ల దగ్గర అందరూ ముందుకి వంగి కూర్చున్నది అతని వంతు వచ్చినప్పుడే. కానీ నాకు లోపల ఒకటే గొడవ. మిగతా పేజీలు ఏమైపోవాలి? మాంత్రికుడు కొండ మీద ఎదురు చూస్తున్నాడు.

ఏడో ఆదివారం మాంత్రికుడి సేనని పంపించి ఆ ఊరుని తగలబెట్టించాను. రేవు, పడవ, గుడిసెలు అన్నీ బూడిద. ఇలాంటి పనికి ఆటగాళ్ళ భాషలో ఒక మాటుంది, రైలు పట్టాలు వేయడం అంటారు. కిటికీలోంచి ఎటైనా చూడచ్చు, బండి మాత్రం పట్టాలున్న వైపే పోతుంది. మేము రాసే సినిమాల్లో అయితే దాన్ని 'హీరోకి మోటివేషన్' అంటాం.

అతను కాసేపు కాగితం వైపు చూసి "సరేనండి, మీ స్క్రీన్‌ప్లే కదా" అన్నాడు. పై రెండు వారాలూ రాలేదు. ఫోన్ చేస్తే షూటింగ్ అన్నాడు. షూటింగ్ లేదని నాకు తెలుసు.

ఊరు తగలబెట్టడమే నా తప్పనుకున్నా. కృష్ణానగర్ వెళ్ళి టీ కొట్టు దగ్గర పట్టుకుని అదే చెప్పబోయాను. అతను మొహమాటపడుతూనే తల అడ్డంగా ఊపాడు.

"ఊరు కాలినందుకు కాదండి. కథన్నాక ఊళ్ళు కాలతాయి. నేను పడవేసిన రెండు వారాలకీ నా కాగితం మీద మీరేమీ రాయలేదు. వాళ్ళు ముగ్గురూ నాలుగో లెవెల్‌కి వెళ్ళారు. నేను మూడులోనే ఉన్నాను. అక్కడ కాలిందండి."

కాసేపాగి, టీ గ్లాసులోకి చూస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "పగలంతా అదే కదండి. నీకు ఫ్రీడమ్ ఇస్తున్నా, నచ్చింది ఆలోచించుకు రా అంటారు. టైటిల్స్‌లో పేరు మాత్రం వాళ్ళనుకున్నది పట్టుకొచ్చినవాడికే పడుద్ది."

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. కథా చర్చల్లో కుర్రాళ్ళతో ఆ డైలాగు నేనూ అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్క పెట్టుకోవడం మానేశా.

సంగతేమిటంటే, మేము మైల్‌స్టోన్ పద్ధతిలో ఆడుతున్నాం. పాయింట్లు లెక్కపెట్టే పని లేకుండా, కథలో ఒక మైలురాయి చేరగానే అందరినీ ఒక లెవెల్ పెంచేస్తారు. నా లెక్కల తెలివి తెలిసినవాణ్ణి కాబట్టి ఎంతో సుఖంగా ఉందని ఎంచుకున్నా. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే పేచీ లేదు, చాలామందికి నచ్చే పద్ధతే. కానీ మైలురాళ్ళు పాతింది ఎవరు? నేను. ఎక్కడ పాతాను? నా అరవై పేజీల దారి పక్కన. వేరే దారిన పోయినవాడికి నడక ఉంటుంది గానీ రాయి తగలదు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో గచ్చు మీద సుద్దతో గీసుకుని, అరగదీసిన చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. చాలా ఇళ్ళల్లో ఉన్న నియమమే మా ఇంట్లోనూ ఉండేది. ఎదుటివాళ్ళ కాయని ఒకదాన్నైనా చంపితే గానీ మన కాయ లోపలి గళ్ళలోకి పోకూడదు. లోపలికి పోకపోతే పండదు. చీమకైనా హాని తలపెట్టని మా అమ్మమ్మ ఆ ఆటలో మాత్రం మనవళ్ళని వెంటాడి వెంటాడి చంపేది. ఏ కాయని జరపాలో పూర్తిగా ఆవిడ ఇష్టమే. ఎవరూ చెయ్యి పట్టుకుని జరిపించలేదు. పండాలన్న కోరిక, చంపితేనే పండటం అన్న నియమం, ఈ రెండూ కలిసి ఆవిణ్ణి నడిపించాయి. వైకుంఠపాళిలో ఆ మాత్రం ఇష్టం కూడా ఉండదనుకోండి, పందెం ఎంత పడితే అంత, పాము నోరు తెరిస్తే లోపలికే.

పెద్ద ఆటదీ అదే కథ. 1975 నాటి అనుబంధ నియమాల నుంచి రాక్షసుణ్ణి చంపితే వచ్చే పాయింట్లు కొద్దిగానే. తెచ్చుకున్న బంగారానికి మాత్రం నాణేనికో పాయింటు. అందుకని అప్పటి ఆటగాళ్ళు రాక్షసుడు నిద్రపోయేదాకా బండ చాటున కూర్చునేవాళ్ళు. మూట దొరికితే పరుగే పరుగు. తర్వాతి ఎడిషన్లలో బంగారం లెక్క వెనక్కిపోయి, పోరాటానికే పాయింట్లు ఎక్కువయ్యాయి. గుహ అదే, రాక్షసుడు అదే, ఈసారి అందరూ తలుపు తన్నుకుని లోపలికి పోయారు. 'మీ ఇష్టం' అన్న మాట రెండు కాలాల్లోనూ పుస్తకంలో ఉంది. మనుషులు మాత్రం పాయింట్లు ఎటుంటే అటే పోయారు.

ఇంకో దారి లేదా అని వెతికితే రెండు పాత ఆటలు కనిపించాయి. 1977లో మార్క్ మిల్లర్ తయారుచేసిన 'ట్రావెలర్'లో అంతరిక్ష ప్రయాణాలు. అక్కడ పాత్ర ఎదుగుదలంతా ఆట మొదలవకముందే అయిపోతుంది. నాలుగేళ్ళకో విడత చొప్పున సైన్యంలోనో మరోచోటో పనిచేసి విద్యలు నేర్చుకుని వస్తుంది. పాచిక బాగోలేకపోతే ఆట మొదలవకముందే చచ్చిపోతుంది కూడా. ఆట మొదలయ్యాక లెవెళ్ళు లేవు, పెద్దగా ఎదగడం లేదు. మరి ముందుకి నడిపించేదేమిటంటే ఓడ మీద అప్పు. నలభై ఏళ్ళ వాయిదాలు! మన జూబ్లీహిల్స్ ఫ్లాట్లు కొన్నవాళ్ళకి ఆ ఆట విడిగా నేర్పక్కర్లేదు.

రెండోది 1978 నాటి 'రూన్‌క్వెస్ట్'. నాకు పనికొచ్చింది ఇదే. ఇందులో లెవెళ్ళు లేవు, వీరుడు, దొంగ, వైద్యుడు అన్న కులాలూ లేవు. ఏ విద్యని వాడి నెగ్గితే దాని పక్కన ఒక గుర్తు పెట్టుకుంటారు. ఆ సాహసం అయిపోయాక, గుర్తున్న ప్రతి విద్యకీ నూరు వరకు పడే పాచికలు వేస్తారు. ఇప్పుడున్న నైపుణ్యం కన్నా ఎక్కువ పడితే ఆ విద్య పెరుగుతుంది. అంటే చేతకానివాడు తొందరగా నేర్చుకుంటాడు, ఆరితేరినవాడికి పైమెట్టు కష్టం. కత్తి తిప్పినవాడికి కత్తి, వంట చేసినవాడికి వంట. గేమ్ మాస్టర్ కథ ఎటు పోతోందన్నది ఈ లెక్కలోకి రాదు.

మా ఆట మొత్తం మార్చలేదు. గుర్తు పెట్టుకునే ఆ ఒక్క పద్ధతినీ తెచ్చి మా కాగితాల మీద అతికించాం, లెవెళ్ళు తీసేశాం. కుర్రాడికి ఫోన్ చేసి, ఊరు మళ్ళీ కట్టుకుంటున్నారని, పడవ కావాలని చెప్పాను. పడవేసిన రెండు వారాలకీ గుర్తులు వెనక్కి వెళ్ళి పెడతానన్నాను. పై ఆదివారం వచ్చాడు. గెడ వేయడానికి, నీటి వాలు చూడటానికి, అబద్ధం చెప్పడానికి మూడు గుర్తులు. మూడింటికీ పాచికలు వేశాడు. అబద్ధం ఒక్కటే పెరిగింది.

ఇక్కడితో అంతా చల్లబడిందనుకోకండి. తర్వాత మూడు ఆదివారాలు అసలు ఏమీ జరగలేదు. ఒకడు రేవులో, ఒకామె ఊళ్ళో జ్వరాలు చూస్తూ, దొంగ పట్నంలో, ఖడ్గవీరుడు కొండ కింద. నలుగురికి నాలుగు కథలు చెప్పలేక నా గొంతు పోయింది. ఒకరి వంతు నడుస్తుంటే మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటున్నారు. మా మేనల్లుడు తేల్చి చెప్పేశాడు. "మామయ్యా, వారమంతా మీటింగులే నాకు. ఆదివారం ఒక్క రాక్షసుణ్ణైనా కొట్టకపోతే ఎలా?" ఎడిటింగ్ అమ్మాయి ఇంకా సూటిగా అడిగింది. "సార్, ఆయన స్వేచ్ఛకి మా సాయంత్రం ఖర్చవుతోంది. మాది ఎవరిస్తారు?"

దానికి పుస్తకాల్లో జవాబు వెతకలేదు. ఇది బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తేల్చుకోవాల్సింది. ఆ రోజు పాచికలు పక్కన పెట్టి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. ఎవరికేం కావాలి? చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ప్రతి ఆదివారం లేచేముందు, వచ్చే వారం ఏం చేయాలో నలుగురూ కలిసి ఒకటి చెప్పాలి. నేను దానికి సరిపడా మాత్రమే రాసుకురావాలి, రెండు పేజీలు మించకూడదు. కలిసి చెప్పలేకపోతే ఆ వారం ఆట లేదు, బిర్యానీ తెప్పించుకుని కబుర్లే. ఇప్పటికి రెండుసార్లు బిర్యానీ అయింది.

వాళ్ళు ఒక మాట మీదకొచ్చిన మొదటి వారమే రేవు మీద నదీ దొంగలు పడ్డారు. ముగ్గురికీ కత్తులూ బాణాలూ పదునెక్కి ఉన్నాయి. మా సరంగు విల్లు పట్టి ఎన్నాళ్ళో అయింది, ఒక్క బాణమూ తగల్లేదు. దెబ్బ తిని ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు. నా చెయ్యి లాగింది, దొంగ చేత తడబడిపించి వదిలేద్దామని. అతను నా మొహం చూసి పసిగట్టాడు. "వద్దండి. విల్లు వదిలేసింది నేనే కదా" అన్నాడు. వైద్యురాలు పరుగెత్తుకొచ్చి కట్టు కట్టింది కాబట్టి బతికాడు. దొంగల్ని మా మేనల్లుడు నరికాడు, తృప్తిగా ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకి కూడా చెప్పాడు.

మాంత్రికుడి సంగతి అడుగుతున్నారా? వాడు కొండ మీదే ఉన్నాడు. కానీ పోయిన వారం ఒక మాట బయటపడింది. వాడి ప్రాణమున్న చిలకని అవతలి ఒడ్డుకి మార్చాలనుకుంటున్నాడట, దారిలో ఉన్న నది ఒక్కటే, రేవు ఒక్కటే. ఇది నేను రాయలేదు. పట్నంలో దొంగ ఒక అధికారి సంచీ కొట్టేస్తే, అందులో ఏముందో చెప్పమని నన్ను అడిగి, నేను తడుముకుంటుంటే ఆ అమ్మాయే ఊహించి అందించింది. బాగుందని ఉంచేశాను. అప్పట్నుంచి సరంగు ముసుగు వేసుకొచ్చిన ప్రతి ప్రయాణికుడి బుట్టలోకీ తొంగి చూస్తున్నాడు.

మొన్న కాగితాలు అయిపోతే నా పాత అరవై పేజీల కట్ట పట్టుకెళ్ళాను. నలభై పేజీలు అసలు వాడనేలేదు, వెనకవైపు తెల్లగానే ఉంది. వాటి మీదే ఇప్పుడు గుర్తులు పెట్టుకుంటున్నాం. సరంగు కాగితం తిరగేస్తే నా క్లైమాక్స్ ఉంటుంది. దాని వెనక అతను నీటి లోతులు రాసుకున్నాడు.